టార్పాలిన్ ఎత్తని మనిషి

ఇవాళ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తెల్లవారేసరికి మబ్బు బాగా కిందికి దిగి కరెంటు స్తంభాల తలల మీద కూర్చుంది, ఏడింటికి తూర్పున ఒకచోట చీలింది, ఆ చీలికలోంచి వచ్చిన వెలుగు రోడ్డవతల గోడౌను రేకుల మీద జానెడు మేర పడింది, ఎనిమిదింటికి చీలిక మూసుకుపోయింది, నాలుగు చినుకులు రాలి దుమ్మైనా అణగకముందే ఆగిపోయాయి. కాటా గది తాళం తీస్తూ నేను దాన్నే చూశాను. కురిస్తే కురవాలి, లేకపోతే ఎండ కాయాలి, మధ్యలో ఈ నాన్చుడేమిటి అని విసుక్కున్నాను. విసుక్కున్నాక నాకే సిగ్గేసింది. ఏడు నెలలుగా మా ఇంట్లో నేను చేస్తున్నదీ అదే.

ఇప్పుడు గోడ గడియారంలో రెండున్నర. మూడున్నరకి షేర్ మార్కెట్ మూసేస్తారు. ఇవాళ శుక్రవారం, ఇవాళ దాటితే సోమవారం దాకా ఏదీ కొనలేం, సోమవారం అనే మాట మా ఇంట్లో ఇక చెల్లదు. నా భార్య పొద్దున టీ గ్లాసు నా ముందు పెడుతూ గొంతు పెంచకుండా చెప్పింది. "ఇవాళ కొంటే కొన్నట్టు. లేదంటే సాయంత్రం తమ్ముడు భోజనానికి వస్తున్నాడు, వాడి చేతిలో పెట్టేస్తాను. వాడు కనీసం అడుగుతున్నాడు." నేను టీ తాగాను. ఏం చెప్పను. చెప్పడానికేమైనా ఉంటే ఏడు నెలల కిందటే చెప్పేవాణ్ణి. ఆ డబ్బు ఆవిడది. చొక్కాల ఫ్యాక్టరీలో, కాలర్ల సెక్షన్లో, ఇరవై రెండేళ్లు ట్యూబులైటు కింద తల వంచుకుని కూర్చుంది, ఫ్యాక్టరీ మూసేస్తూ అందరికీ లెక్క తేల్చి పంపించారు, అది బ్యాంకులో పడిన రోజు పాస్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇవి నా కళ్ళు. ఎక్కడ పెడతావో పెట్టు, పోగొట్టకు," అంది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు తప్పుతుంది, అయిదోసారి నా వైపు చూడకుండా చెయ్యి చాపుతుంది, నేను ఎక్కించి ఇస్తాను, ఇద్దరం ఏమీ అనుకోం. అయినా బజారు వీధిలో టైలరు దుకాణానికి ప్యాంటు అంచులు కుట్టడానికి వెళ్తూనే ఉంది. ఆ డబ్బు కాస్త పెరిగి, ఏడాదికి ఇంతని తీసుకోగలిగితే మానేయొచ్చు. అది పోతే, చూపు ఉన్నన్నాళ్లూ కుట్టాలి. సంగతి ఇంతే. ఇంత చిన్న సంగతికి ఏడు నెలలు.

నేను చేసేది లారీలు తూచే పని. పద్దెనిమిదేళ్లుగా ఇదే గది, కిటికీ అవతల ఇనుప ప్లాట్‌ఫారం, ఇవతల బల్ల, బల్ల మీద ఎర్ర అంకెల తెర, చీటీలు కొట్టే ప్రింటరు. లారీ ఎక్కగానే తెర మీద అంకె పిచ్చెక్కినట్టు దూకుతుంది, పైకి కిందికి, పైకి కిందికి, డ్రైవరు ఇంజను ఆపితే కొంచెం తగ్గుతుంది, దిగి పక్కకి జరిగితే ఇంకొంచెం, ఆఖరికి ఒక అంకె దగ్గర నిలబడుతుంది. నిలబడిన తరవాత మూడు లెక్కపెట్టి మీట నొక్కాలి. ఊగే అంకె మీద ఎప్పుడూ నొక్కకూడదని నాకు పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు, నేను ఎప్పుడూ నొక్కలేదు. డ్రైవర్లు తొందరపెడతారు, హారన్ కొడతారు, తిడతారు, నేను తెర వైపే చూస్తాను. వాళ్లు నాకు మూగకాటా అని పేరు పెట్టుకున్నారు. పెట్టుకోనీ. మాట్లాడితే అంకె తొందరగా నిలబడుతుందా.

ఆ బుద్ధే నన్ను ముంచిందని ఇప్పుడు, ఈ గదిలో, ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటే తెలుస్తోంది. ఈ ఫోన్లో అంకె నిలబడదు. పొద్దున తొమ్మిదింబావుకి మొదలై మూడున్నర దాకా ఊగుతూనే ఉంటుంది, ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ, మధ్యాహ్నం భోజనం వేళకి కూడా ఆగదు. నిలబడితే కొందామని నేను చూశాను. ఒక నెల చూశాను. పెరుగుతుంటే, ఇంత పెరిగాక ఏం కొంటాం, కొంచెం దిగనీ అనుకున్నాను. దిగుతుంటే, ఇంకా ఎక్కడిదాకా దిగుతుందో చూద్దామనుకున్నాను. కదలకుండా ఉన్న రోజున, ఇదేదో అనుమానంగా ఉంది అనుకున్నాను. నా అంత జాగ్రత్తపరుడు లోకంలో ఉండడని లోపల గర్వం కూడా. జాగ్రత్తట. ఆవిడ అంచులు కుడుతూనే ఉంది, నేను జాగ్రత్తగా చూస్తూనే ఉన్నాను.

నేను కొనాలని చూస్తున్నది ఈటీఎఫ్, ఆ మాట నా చెవిలో వేసింది పిండిమిల్లు గుమస్తా. చీటీల కోసం వస్తాడు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, నిలబడే మాట్లాడతాడు, కుర్చీ చూపిస్తే కూర్చుంటే లేవబుద్ధి కాదంటాడు. నేను ఆయనకి అంతా చెప్పలేదు, మా ఇంట్లో కొంచెం డబ్బుంది, ఎక్కడైనా పెట్టాలి అన్నాను, ఆ ఒక్క ముక్క అనడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆయన చెప్పిందైతే బాగానే చెప్పాడు. ఒక కంపెనీ షేరు కొంటే ఒక గింజ ఏరుకున్నట్టు, అది పుచ్చుదైతే అయిపోయావు, ఈటీఎఫ్ అంటే బస్తా, దేశంలో పెద్ద కంపెనీలన్నీ తలా ఇంత పోసి కుట్టేసిన బస్తా, అందులో నీకు రావలసినంత వాటా యూనిట్ల లెక్కన అమ్ముతారు, మార్కెట్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు కొనొచ్చు, అమ్మొచ్చు అన్నాడు. నాకది వెంటనే ఎక్కింది. గింజలు ఏరడం నా పని కాదు, లారీ మొత్తాన్ని తూచడమే నా పని. మళ్లీ గడప దాటుతూ ఆయనే, "ఒకేసారి పడిపోని వాటిని చూసుకో పెద్దాయనా," అన్నాడు. ఆ మాటని నేను నాకు తోచినట్టు అర్థం చేసుకున్నాను. ఒక కంపెనీ అమ్మే బస్తా కాకుండా నాలుగు కంపెనీలు అమ్మే బస్తాలు కొంటే ఒకటి పడినా మూడు నిలబడతాయి కదా అనుకున్నాను. ఇంతకన్నా తెలివైన ఆలోచన ఉంటుందా. ఉంటుందని ఇప్పుడు తెలిసింది.

నాలుగు ఎంచాను. ఎంచడానికి మూడు నెలలు. వాటి పేర్లు నోరు తిరిగేవి కావు, ఒక్కొక్క పేరు చీటీ మీద రెండు వరుసలు వచ్చేది, అందుకని ఫోన్లో వాటి పక్కనుండే బొమ్మలతో గుర్తుపెట్టుకున్నాను. ఓడ బొమ్మది, కొండ బొమ్మది, గద్ద బొమ్మది, పొద్దుతిరుగుడు పువ్వుది. పాత చీటీల వెనకవైపు గీతలు గీసుకుని రాశాను, దేని దగ్గర ఎంత సొమ్ము పోగైంది, ఏడాదికి నిర్వహణ ఖర్చు కింద ఎంత కోసుకుంటుంది, అయిదేళ్లలో ఎంత పెరిగింది, రోజుకి ఎన్ని యూనిట్లు చేతులు మారతాయి. ఓడది తక్కువ కోస్తుంది. గద్దది యూనిటు చవక, మొదట్లో ఆ చవక చూసి మురిసిపోయాను, పది రోజులకి గాని అర్థం కాలేదు, చిన్న గిన్నెతో కొలిస్తే గిన్నె చవకే గాని సరుకు చవక కాదు. పది రోజులు. ఏడో క్లాసులో మా లెక్కల మాస్టారు నన్ను మెచ్చుకునేవాడు, చూస్తే ఏమనేవాడో. నా భార్యకి కూడా ఆ చీటీలు చూపించాను, నాలుగు వేళ్లు చాపి, ఇది పడితే ఇది, ఇది పడితే ఇది అని చెప్పాను. ఆవిడ చీటీని కళ్ళకి దగ్గరగా పట్టుకుని చూసింది. నాలుగూ ఒకేలా ఉన్నాయేం అంది. రాసింది నేనే కదా, ఒకే చేతిరాత, అలాగే ఉంటాయి అన్నాను. ఆవిడ చీటీ మడిచి నా చేతికి ఇచ్చేసింది. నేను గెలిచాననుకున్నాను.

ఇక్కడ బావమరిది గుర్తొస్తాడు, రాకుండా ఎలా ఉంటాడు, సాయంత్రం వస్తున్నాడు కదా. వాడికి ఎప్పుడూ ఏదో ఒకటి మొదలవుతూ ఉంటుంది. మొదట కౌజుపిట్టలు, షెడ్డు వేశాడు, గుడ్లు పెట్టించాడు, ఒక వారంలో అన్నీ పోయాయి. తరవాత పుట్టగొడుగులు, చీకటి గది, తడి గడ్డి, ఆ వాసనకి ఇంటివాడు ఖాళీ చేయించాడు. ఇప్పుడు డ్రోను. పొలాల మీద మందు కొట్టే డ్రోను, అద్దెకి తిప్పుతాడట, ఏడాదిలో రెట్టింపు అట. పోయిన నెల మా ఇంట్లో కూర్చుని కాగితం మీద రెక్కలు గీసి చూపించాడు. ఆవిడ వాడి గీతల వైపు చూసి, "పిట్టలైతే ఎగరలేదు, ఇదైనా ఎగురుతుందిలే," అంది, వాడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. వాడి గొప్ప అదే. వాడిమీద వేసిన హాస్యానికి వాడే ముందు నవ్వుతాడు, నవ్వుతూనే, "బావా, నువ్వు తూచి తూచి కొనేలోపల ఆ కంపెనీలన్నీ మూసేస్తారు," అన్నాడు. నేను నవ్వలేదు. వాడు మంచివాడు, మోసగాడు కాడు, అదే చిక్కు, మోసగాడైతే ఇవ్వనని చెప్పొచ్చు. వాడు అక్క డబ్బుని ఎంతో ప్రేమగా పోగొడతాడు.

రెండూ నలభై. ఒక ఇటుకల లారీ వచ్చింది, ఖాళీ తూకం, చీటీ ఇచ్చాను, వెళ్లింది. ఫోను మళ్లీ తెరిచాను. మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి అంది. పాస్‌వర్డులో ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలట, నా బొటనవేలు రెండు అక్షరాలని ఒకేసారి నొక్కుతుంది, మూడోసారికి తెరుచుకుంది. నాలుగిట్లో నాలుగు సమాన భాగాలు, కొనేద్దాం, ఊగనీ, ఇవాళ ఊగే అంకె మీదే నొక్కుతాను అని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఓడ బొమ్మ నొక్కాను. కొను అనే మీట పైన ఇంకో మీట ఉంది, ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ నొక్కలేదు. ఇందులో ఏమున్నాయి అని దాని అర్థం. ఎందుకు నొక్కలేదు అంటే, కాటావాడు టార్పాలిన్ ఎత్తడు. అదే మా పనిలో మర్యాద. లారీలో బియ్యమా, బొగ్గా, ఇసకా, తాడు కట్టి టార్పాలిన్ కప్పి తెస్తే బరువు చెప్పి పంపడం వరకే, కింద ఏముందని అడిగినవాడు ఈ గదిలో ఆరు నెలలు ఉండడు. పద్దెనిమిదేళ్లలో నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. అది నా నిజాయితీ అనుకునేవాణ్ణి. ఇవాళ ఎందుకో, బొటనవేలు జారిందో, గంట కూడా లేదన్న కంగారో, ఆ మీట మీద పడింది.

కంపెనీల జాబితా తెరుచుకుంది. పెద్ద బ్యాంకు, నూనెల కంపెనీ, కంప్యూటర్ల కంపెనీ, ఇంకో బ్యాంకు, సబ్బుల కంపెనీ, ఒక్కోదాని పక్కన అది ఎంత పాలో. చదివాను, వెనక్కి వచ్చి కొండ బొమ్మది తెరిచాను. పెద్ద బ్యాంకు, నూనెల కంపెనీ, కంప్యూటర్ల కంపెనీ, ఇంకో బ్యాంకు, సబ్బులు. పొరపాటున ఓడనే మళ్లీ తెరిచాననుకున్నాను. గద్ద. పెద్ద బ్యాంకు, నూనెలు, కంప్యూటర్లు. పొద్దుతిరుగుడు పువ్వు. పెద్ద బ్యాంకు, నూనెలు. ఒక చీటీ వెనక్కి తిప్పి నాలుగు వరుసలు గీసి రాయడం మొదలుపెట్టాను, చేత్తో రాస్తే గాని నాకు నమ్మకం కలగదు, పది పేర్లు రాసేసరికి చెయ్యి ఆగిపోయింది. అవే పేర్లు, అదే వరుస, పాళ్లు కూడా చుక్క తరవాత రెండో అంకెలో తప్ప తేడా లేదు. నాలుగు లారీలు, నాలుగు రంగుల టార్పాలిన్లు, కింద ఒకే సరుకు. ఒకటి పడితే మూడు నిలబడడం కాదు, ఒకటి పడితే నాలుగూ పడతాయి, నాలుగూ కలిసి పడతాయి. వాళ్లు మోసమేమీ చెయ్యలేదు, ఫలానా సూచీలో ఉన్న యాభై కంపెనీలనే కొంటామని పేర్లోనే రాశారు, ఆ పేరు రెండు వరుసలు ఉందని నేను బొమ్మలు పెట్టుకున్నాను.

నాకు కోపం వచ్చింది, ఎవరిమీద రావాలో తెలియక గదంతా తిరిగింది. గుమస్తా మీద, ఒక్క ముక్క విడమరచి చెప్పి ఉండకూడదా అని, ఆయన చెప్పాడు, ఒకేసారి పడిపోని వాటిని చూసుకో అన్నాడు. ఫోను మీద, ఇదేం చేస్తుంది పాపం. ఆవిడ మీద కూడా వచ్చింది, నాలుగూ ఒకేలా ఉన్నాయేం అన్నప్పుడు ఇంకొంచెం గట్టిగా అని ఉండకూడదా అని. ఇరవై రెండేళ్లు కాలరు ముక్కల జతలు చూసిన మనిషి, ఏ ముక్క ఏ తానులోదో తడిమి చెప్పే మనిషి, ఒకే తానులోవి నాలుగు ఎందుకు కత్తిరించావని అడిగింది, నేను చేతిరాత అన్నాను. నా చేతిరాతట. ఏడు నెలలు రాసిన చీటీలు బల్ల సొరుగులో కట్టగట్టి ఉన్నాయి, సొరుగు లాగి చూశాను, మూసేశాను. వాటిలో ఒక్క చీటీ మీద కూడా లోపల ఏముందని రాయలేదు. ఎంత బరువు, ఎంత బరువు, ఎంత బరువు. మా నాన్న ఎడ్లని కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు, పక్కటెముకలు తడిమేవాడు, తోక ఎత్తి చూసేవాడు, అమ్మేవాడు ఏమనుకున్నా సరే. ఆయన కొడుకునై పుట్టి నేను కొమ్ముల రంగు చూసి నాలుగు ఎడ్లని ఎంచాను, అవి నాలుగు కాదు, ఒకటే.

మూడు కొట్టింది. పడిపోయేటప్పుడు కలిసి పడనిది ఏముంది. ప్రభుత్వ బాండ్లు కొనే ఈటీఎఫ్ ఒకటి నాలుగో నెలలో నా చీటీల్లోకి వచ్చింది, అయిదేళ్ల పెరుగుదల చూసి, ఇదేం ముసలి ఎద్దు, నడవదు, పరుగెత్తదు అని కొట్టేశాను. ఇప్పుడు దాని టార్పాలిన్ ఎత్తాను. బ్యాంకు లేదు, నూనె లేదు, సబ్బు లేదు, ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చిన బాండ్లు, ఏ ఏడాదికి తీరతాయో ఆ తేదీలు. అవతలివి బాగా పడిన నెలలు రెండు చూశాను, ఆ నెలల్లో ఇది కొంచెం కదిలింది, కూలిపోలేదు. సగం ఓడలో, సగం ఇందులో. ఏడు నెలలుగా రాని ఆలోచన ఏడు నిమిషాల్లో వచ్చిందంటే సంతోషించాలి గదా, నాకు ఒళ్ళు మండింది.

అసలు చిక్కు ఇప్పుడుంది. ఖాతా ఆవిడ పేరు మీద ఉంది. కొను అని నొక్కితే ఓటీపీ అంకెలు ఆవిడ ఫోనుకి వెళ్తాయి, ఆవిడ చదివి చెప్పాలి. అంటే మాట్లాడాలి. నేను పని మధ్యలో ఆవిడకి ఎప్పుడూ ఫోను చెయ్యలేదు, చేస్తే ఎవరో పోయారనుకుంటుంది. అంకెలు చెప్పు అని ఊరుకోవచ్చు, ఎందుకు ఏమిటి అని అడిగే మనిషి కాదు. కాని నాలుగు వేళ్లు చాపి చూపించాను కదా. ఆవిడ మనసులో ఆ నాలుగు వేళ్లు అలాగే ఉన్నాయి. పెళ్లయి ముప్పై ఏళ్లలో నేను ఆవిడ దగ్గర తెలియలేదు అన్న సందర్భం ఒకటి గుర్తు చేసుకుందామని చూశాను. పైకప్పు నీరు కారినప్పుడు రేకు తప్పు వేసింది నేనే, మేస్త్రీ అన్నాను. ఆవిడ తల్లికి జ్వరమైతే ఆలస్యంగా తీసుకెళ్లింది నేనే, బస్సు అన్నాను. మాట్లాడనివాడు అబద్ధాలాడడని అందరూ అనుకుంటారు. చాలా కొద్ది మాటలతో ఆడొచ్చు.

మూడూ ఏడుకి చేశాను. అటు కుట్టుమిషన్ల చప్పుడు, ఎవరో ఇస్త్రీ అయిందా అని అరవడం, ఆవిడ గొంతు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. ఆ నాలుగు ఉన్నాయి చూడు, అవి నాలుగు కాదు."

"అంటే?"

"అన్నిట్లో అవే కంపెనీలు. ఒకటే. నేను లోపల చూడలేదు. నాకు తెలియలేదు."

మిషన్ల చప్పుడు వినిపిస్తూ ఉంది. ఆవిడ ఏదో మూలకి జరిగినట్టుంది, చప్పుడు కొంచెం దూరమైంది. నేను బల్ల మీద ఒలికిన టీ మరక వైపు చూస్తూ, సగం ఓడ బొమ్మదాంట్లో, సగం ప్రభుత్వ బాండ్లలో పెడదామనుకుంటున్నానని చెప్పాను. మొదటిది పడితే రెండోది అంత పడదని కూడా చెప్పాను.

"పడదని తెలుసా, అనుకుంటున్నావా?"

"అనుకుంటున్నాను."

"ఊఁ," అంది. కొంచెం ఆగి, "అంకెలు వచ్చాక చెప్తాలే, లైన్లోనే ఉండు," అంది.

కొను నొక్కాను. మార్కెట్ ధరకా, మీరు చెప్పిన ధరకా అని అడిగింది ఫోను. మీరు చెప్పిన ధరకి అని నొక్కాను, ధర దగ్గర నేను చూస్తున్న అంకెలోంచి పది పైసలు కోసి వేశాను. ఎందుకంటే ఏం చెప్పను. తడి రోజుల్లో చక్రాల బురద కింద పది కిలోలు తీసేసి చీటీ కొడతాం, ఇక్కడ కురవకపోయినా పై ఊళ్లలో వానకి తడిసొచ్చిన లారీలకి ఇవాళ పొద్దుట్నుంచి అలాగే కొడుతున్నాను, చెయ్యి అలా పోయింది. రెండోదానికీ అంతే, పది పైసలు. ఆవిడ అంకెలు చదివింది, ఒక్కొక్కటే, కళ్ళకి దగ్గరగా పట్టుకుని చదువుతోందని ఆ ఆగడంలో తెలుస్తోంది, ఆరుని మూడని చదివి మళ్లీ ఆరు అని దిద్దింది. రెండోసారి కూడా చదివింది. పెట్టేస్తున్నా, మా ఓనరు చూస్తున్నాడు అంది. మీ ఆర్డరు అందింది, వేచి ఉంది అని నా ఫోన్లో పడింది. మూడూ పదమూడు. కుర్చీలో వెనక్కి వాలాను.

వాలిన వెంటనే హారన్. గోధుమల లారీ, పైన తడి టార్పాలిన్, డ్రైవరు కొత్తవాడు, ఇంజను ఆపాడు గాని క్యాబిన్లోంచి దిగనన్నాడు, మోకాలు బాగాలేదట. దిగకపోతే నీ బరువు కూడా గోధుమల్లో కలుస్తుందన్నాను. కలవనీ, నాకంటే గోధుమలకే విలువెక్కువ అన్నాడు. నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. లారీ ప్లాట్‌ఫారం మీద ఉండగా కాటావాడు ఫోను ముట్టకూడదు, కెమెరా పెట్టారు, ఫోను బల్ల మీద నా మోచేతి పక్కన వెలుగుతూ ఉంది, నేను ఓరగా చూస్తున్నాను. ఓడ ధర దిగుతోంది. నేను రాసిన ధరకి దిగితేనే కొనుగోలవుతుంది, ఇంకా ఆరు పైసల దూరం. నాలుగు. డ్రైవరు దిగాడు, ఒక కాలు, తరవాత రెండో కాలు, అబ్బా అని నడుం పట్టుకుని నిలబడ్డాడు. రెండు పైసలు. ఎర్ర తెర మీద లారీ అంకె నిలబడింది, ఒకటి, రెండు, మూడు, చీటీ కొట్టాను, చీటీ ప్రింటర్లో ఇరుక్కుంది, చింపి మళ్లీ కొట్టాను. డ్రైవరు బురదకి పదిహేను తీయమని వాదించాడు, పదే అన్నాను. అతను ఎక్కి లారీ దింపేసరికి మూడూ ఇరవై ఆరు, ఓడ పైకి వెళ్లిపోయింది, పదకొండు పైసలు, పద్నాలుగు. బాండ్లది కదలనే లేదు, అక్కడ నా ధరకి అమ్మేవాడు ఒక్కడూ లేడు. ధర మారుద్దామని నొక్కాను. సెషన్ ముగిసింది అంది. పెద్ద అక్షరం, అంకె, గుర్తు. తప్పు. మళ్లీ. తప్పు. తెరుచుకున్నాక మార్చు నొక్కితే అంకెలు పంపాం అంది, ఆవిడకి చేశాను, మోగింది, మోగింది, ఎత్తలేదు, ఓనరు ముందు ఎత్తదు. మూడూ ముప్పై. తెర మీద ధరలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏడు నెలలుగా నేను చూడాలనుకున్నది అదే, కదలని అంకె. దాని పక్కన, ఆర్డరు అమలు కాలేదు, రద్దయింది.

ఎవరితో చెప్పుకోను. పది పైసలు. టీ మీద మీగడ ఖరీదు కూడా కాదు. నడిచి ఇంటికి వెళ్లాను, రోజూ ఆటోలో వెళ్లేవాణ్ణి, ఇవాళ నాలుగు కిలోమీటర్లు నడిచాను, దారిలో మందుల షాపు, టైర్ల షాపు, సున్నం వేస్తున్న గోడ, ఏవీ నా కంటికి ఆనలేదు, అన్నిటినీ చూసినట్టూ ఉంది. ఆవిడకి ఏం చెప్పాలో అన్ని రకాలుగా అనుకున్నాను. కరెంటు పోయింది అనొచ్చు. లారీ వచ్చింది అనొచ్చు, అది నిజం కూడా. పది పైసలు కోశాను అని చెప్పడానికి మాత్రం నోరు రాదనుకున్నాను, మధ్యాహ్నం ఒకసారి తెలియలేదు అన్నాను, ఒక రోజుకి అది చాలదా. సందు మొదట్లోకి వచ్చేసరికి గుమ్మం ముందు బావమరిది బండి కనిపించింది, సీటు మీద డ్రోను కంపెనీ వాళ్లు ఇచ్చిన రంగు కాగితాలు, ఎగిరిపోకుండా హెల్మెట్ బరువు పెట్టి.

ఆవిడ నాకన్నా ముందే వచ్చింది. చేతులు కడుక్కుని కూర్చున్నాను, వాడు అప్పటికే కూర్చుని ఉన్నాడు, ఏం బావా నడిచొచ్చావా, ఆటోవాళ్లతో కూడా బేరం కుదర్లేదా అన్నాడు, నేను కంచం జరుపుకున్నాను. ఆవిడ వడ్డిస్తోంది. రద్దయిన సంగతి ఆవిడ ఫోనుకీ వచ్చి ఉంటుంది, వచ్చే తీరుతుంది, ఆవిడ ఖాతా కదా. ముఖం చూశాను. ఏమీ తెలియలేదు, ముప్పై ఏళ్లుగా చూస్తున్నా ఆ ముఖం మీద అంకె కనపడదు. బావమరిది రెండు ముద్దలు తిన్నాక, నోట్లో ఉండగానే, "అక్కా, మరి నా సంగతి ఏం చేశావు?" అన్నాడు. రేపు శనివారం అడ్వాన్సు కడితే కంపెనీవాళ్లు తగ్గిస్తారట. నేను కంచంలోకే చూస్తున్నాను. చెప్పాలి. వాడి ముందే చెప్పాలి, ఎగతాళి చేస్తాడు, చెయ్యనీ. పది పైసల మాట గొంతు దాకా వచ్చింది.

"మీ బావ కొనేశాడ్రా," అంది ఆవిడ.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. నాకు ఫోను చేసి, అన్నీ చెప్పి కొన్నాడు."

వాడు నా వైపు చూశాడు. వాడి చెయ్యి కంచం మీద ఆగిపోయింది, ఈసారి వాడికి ముందు నవ్వడం చేతకాలేదు. ఆవిడ వాడి కంచంలో ఇంకొంచెం కూర వేసింది, తిను, చల్లారిపోతుంది అంది. తరవాత నా కంచంలో వేసింది. వేస్తున్నప్పుడు నా వైపు చూడలేదు, గరిటె కంచం అంచుకి తగలకుండా, ఒలకకుండా, కాలరుకి కుట్టు వేసినట్టు నెమ్మదిగా వేసింది. ఎప్పుడూ మేం తిన్నాక తినే మనిషి, ఇవాళ ఇంకో కంచం తెచ్చుకుని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. సోమవారం మార్కెట్ తొమ్మిదింబావుకి తెరుస్తారు. ఆ మాట ఆవిడకి చెప్పాలనిపించింది, ఆవిడకి తెలుసనీ అనిపించింది. వాడు తల వంచుకుని తింటున్నాడు. ఆవిడ నీళ్ల గ్లాసు నా దగ్గరికి జరిపింది, నేను అన్నం కలుపుకున్నాను, కంచాలు ఖాళీ అయ్యేదాకా ముగ్గురం తిన్నాం.